చార్మినార్ దగ్గర ఆటో దిగకండి: పాతబస్తీని కాలినడకన చూపించే పద్ధతి

హైదరాబాద్‌లో కాపురం ఉన్నవాళ్ళందరికీ ఈ డ్యూటీ ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది. ఊరి నుంచి చుట్టాలొస్తారు, రెండో రోజు పొద్దున్నే "చార్మినార్ చూపించరా" అంటారు. మొదటిసారి నేనూ అందరిలాగే చేశాను. ఆదివారం మిట్టమధ్యాహ్నం మా పెద్దమ్మనీ, ఆవిడ మనవల్నీ ఆటో ఎక్కించి సరిగ్గా చార్మినార్ ఎదురుగా దింపాను. నాలుగు ఫొటోలు, రెండు డజన్ల గాజులు, ఒక తలనొప్పి. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ఇంటికొచ్చాక పెద్దమ్మ ఒకే ఒక్క మాటంది: "క్యాలెండర్‌లో ఉన్నట్టే ఉందిరా."

ఆవిడని ఏమీ అనలేం. చార్మినార్‌ని విడిగా ఒక బొమ్మలా చూస్తే అంతే కనిపిస్తుంది. నిజానికి అది ఒక కూడలి. 1591లో ఐదో కుతుబ్‌షాహీ సుల్తాన్ మహమ్మద్ కులీ గోల్కొండ ఇరుకు వదిలించుకుని మూసీకి దక్షిణాన కొత్త ఊరు వేయించాడు. రెండు పెద్ద దారులు ఒకదాన్నొకటి కోసుకునే చోట ఈ నాలుగు మినార్లు లేచాయి. ఊరి పథకం గీసింది పీష్వా, అంటే సుల్తాన్ ప్రధానమంత్రి, మీర్ మోమిన్ అస్త్రాబాదీ అని చెబుతారు. కాబట్టి ఆ దారుల్లో ఒకదాని మీద నడిచి వెళ్తేనే ఆ కట్టడం అక్కడ ఎందుకుందో అర్థమవుతుంది. ఆ తర్వాత నేను ఎవరిని తీసుకెళ్ళినా మూసీ మీది నయాపూల్ వంతెన దగ్గర దింపి, ఉత్తరం నుంచి నడిపిస్తున్నాను. మొత్తం నడక మూడు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. అయినా ఒక పూటంతా పడుతుంది.

ముందు రోజు చూసుకోవాల్సినవి

వారం ముఖ్యం. శుక్రవారం వద్దు. చౌమహల్లా ప్యాలెస్‌కి ఆ రోజు సెలవు, మక్కా మసీదు మధ్యాహ్నం నమాజుకి కిక్కిరిసి ఉంటుంది. ఆదివారమైతే పొద్దున్నే బయల్దేరగలిగితేనే పెట్టుకోండి, పదకొండు దాటాక అడుగు తీసి అడుగు వేయలేరు. మంగళ, బుధ, గురువారాలు హాయి. కాలమైతే అక్టోబర్ చివర నుంచి ఫిబ్రవరి దాకా. రంజాన్ నెలలో రాత్రి బజారు చూడాల్సిందే కానీ అది వేరే సరదా, ఈ నడకతో కలపకండి.

ఎనిమిది మందికి మించితే రెండు జట్లు చేయండి. అంతకంటే ఎక్కువమంది ఉంటే వెనకవాళ్ళకి మీ మాట వినపడదు, వాళ్ళు అత్తరు దుకాణం ముందు ఆగిపోతారు, మీరు గుల్జార్ హౌజ్ చేరేసరికి సగం మంది ఉండరు. ఇంట్లో కాస్త ఓపికస్తులెవరైనా ఉంటే, ఎవరూ తప్పిపోకుండా వాళ్ళని చివర నడవమనండి.

చెప్పులు సులువుగా విప్పేవి వేసుకోవాలి. ఆడవాళ్ళు చున్నీ గానీ పైట గానీ తల మీద కప్పుకునేలా ఉంటే చాలు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి ముందే చెప్పండి: చార్మినార్ మెట్లు ఎక్కనక్కర్లేదు, మిగతాదంతా చదునే.

బయల్దేరే వేళ పొద్దున ఏడున్నర. దీనికో లెక్క ఉంది. చార్మినార్ టికెట్ కౌంటర్ తెరిచేది తొమ్మిది దాటాక, చౌమహల్లా పదికి, లాడ్‌బజార్ షట్టర్లు పూర్తిగా లేచేది పదకొండు ప్రాంతాల. ఏడున్నరకి నది దగ్గర మొదలుపెడితే ఒక్కో తలుపూ మీరు వెళ్ళేసరికి తెరుచుకుంటూ వస్తుంది. మెట్రోలో వచ్చేవాళ్ళు ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగితే నయాపూల్ నడిచే దూరమే.

మొదటి మజిలీ: నయాపూల్ మీద పది నిమిషాలు

వంతెన నడుమ పిట్టగోడ పక్కన ఆగండి. ముక్కు మూసుకోవాలనిపిస్తుంది. ఫర్వాలేదు, మూసుకునే చెప్పండి. ఇది మూసీ. ఎగువన, అంటే పడమటివైపు, పురానాపూల్ ఉంది. దాన్ని 1578లో కట్టించింది మహమ్మద్ కులీ తండ్రి ఇబ్రహీం కుతుబ్‌షా. ఆయన గురించి తెలుగువాళ్ళకి తప్పకుండా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. పట్టానికి రాకముందు ఏడేళ్ళు విజయనగరంలో రామరాయల ఆశ్రయంలో గడిపాడు, అక్కడ తెలుగు ఒంటబట్టింది. గోల్కొండకొచ్చాక తెలుగు కవులని ఆదరించాడు. వాళ్ళు ఆయన పేరుని తమ నోటికి తిప్పుకుని "మల్కిభరాముడు" చేసేశారు. సుల్తాన్ పేరు చివర రాముణ్ణి నిలబెట్టిన ఆ మాట చెప్పగానే మీ జట్టులో ఎవరో ఒకరు నవ్వుతారు. ఆ నవ్వుతో నడక మొదలవుతుంది.

ఇప్పుడు వెనక్కి తిరిగి ఉత్తరపు గట్టు చూపించండి. ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలు కనిపిస్తాయి. ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి ఊరిని ముంచేసిన రోజు దాదాపు నూటయాభై మంది ఆ చెట్టు కొమ్మలు పట్టుకుని బతికారు. పోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. దక్షిణపు గట్టున కుడిచేతి వైపు కనిపించే హైకోర్టు కూడా వరద తర్వాత లేచిందే. 1920లో ప్రారంభించారు. పాతబస్తీలో మనం "నిజాం కాలం" అని ఒక్క మాటలో చుట్టేసేదాంట్లో చాలా భాగం నిజానికి ఆ వరద తెచ్చిపెట్టిన కొత్తదనం. ఇక్కడి నుంచి చార్మినార్ దాకా రెండు కాలాలు కలిసే నడుస్తాయి: 1590ల ఊరు ఒకటి, 1908 తర్వాత సర్దిన ఊరు ఒకటి.

ఎడమవైపు సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. ఈ రోజు దాని జోలికి పోకండి. మేలిముసుగు రెబెక్కా శిల్పం కోసం, సంగీత గడియారం కోసం మరో రోజు పూర్తిగా కేటాయించాలి. నడకలో దాన్ని ఇరికించిన ప్రతిసారీ మిగతాదంతా పాడైంది.

రెండో మజిలీ: బాద్‌షాహీ ఆషూర్‌ఖానా

నయాపూల్ దిగి మదీనా చౌరస్తా వైపు వెళ్ళాక, హైకోర్టు రోడ్డు వైపు తిరిగితే వస్తుంది. నూటికి తొంభై మంది సందర్శకులు దీన్ని దాటేసి పోతారు. నాకైతే ఈ నడక మొత్తంలో ఇదే ప్రాణం.

కట్టింది 1594లో, చార్మినార్ తర్వాత మూడేళ్ళకి. ఆషూర్‌ఖానా అంటే ఏమిటని మనవాళ్ళకి పుస్తక భాషలో చెప్పక్కర్లేదు. "మన ఊళ్ళో పీర్ల చావిడి లేదూ? అదే, సుల్తాన్ కట్టించింది" అనండి. మొహర్రంలో పీర్లను నిలబెట్టే చోటు. పీర్ల గుండం చుట్టూ చిన్నప్పుడు తిరిగినవాళ్ళు తెలుగు ఊళ్ళలో హిందువుల్లోనూ బోలెడుమంది. వాళ్ళకి ఇక్కడ వెంటనే చుట్టరికం కలుస్తుంది. మా పెద్దమ్మని రెండోసారి తెచ్చినప్పుడు ఆవిడ చెప్పులు విప్పి, చెంగు తల మీద వేసుకుని, నేనేం చెప్పకుండానే దండం పెట్టుకుంది.

లోపలి గోడల మీద రంగు పలకల పని ఉంది. పసుపు, నీలం, ఆకుపచ్చ, ఒక రకం ఇటుక రంగు. పర్షియా పద్ధతిలో ముక్కలు ముక్కలుగా కోసి అతికించిన పని. దగ్గరికి తీసుకెళ్ళి కింది భాగం, పై భాగం పోల్చి చూడమనండి. పైన మెరుస్తుంటుంది, కింద వెలవెలబోతుంది. 1908 వరద నీళ్ళు ఈ గోడల్నీ తాకాయి, కింది పలకలు దెబ్బతిన్నాయి, వాటి స్థానంలో రంగులు వేసి సరిపెట్టారు. ఇందాక వంతెన మీద చెప్పిన వరద ఇక్కడ గోడ మీద గీతగా కనిపిస్తుంది. అందుకే వరద కథని ముందే చెప్పాలి. వరస మారితే ఈ గోడ ఉత్త గోడే.

అక్కడ చూసుకునేవాళ్ళని అడిగాకే ఫొటోలు తీయండి. మొహర్రం రోజుల్లో అయితే ఫోన్ జేబులోనే ఉండనివ్వండి.

పత్తర్‌గట్టి: ఆగకుండా, కానీ నెమ్మదిగా

మదీనా నుంచి దక్షిణానికి రోడ్డుకి రెండువైపులా రాతి వరండాలు, వరసగా కమానులు. సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వేయించిన బజారు ఇది. పేరులోనే రాయి ఉంది. షట్టర్లు ఎత్తకముందే ఇక్కడికి రావాలనడానికి కారణం, పది దాటితే సరుకు బయటికొచ్చి రాయి కనపడదు. తల ఎత్తి మొదటి అంతస్తు కిటికీలు చూడమనండి.

మధ్యలో ఛత్తా బజార్ వైపు గల్లీ ఉంటుంది. పెళ్ళి శుభలేఖలు అచ్చువేసే దుకాణాలు అక్కడ గుంపుగా ఉంటాయి. ఉర్దూ అక్షరాలు చేత్తో రాసే కాతిబులు ఇప్పటికీ ఒకరిద్దరు దొరుకుతారు. పిల్లలుంటే వాళ్ళ పేరు ఉర్దూలో రాయించండి, చిన్న మొత్తంతో పెద్ద సంబరం.

మూడో మజిలీ: చార్‌కమాన్, గుల్జార్ హౌజ్

మొదట ఎదురయ్యేది మచిలీ కమాన్. ఇక్కడ జట్టుని రోడ్డుకి ఒక పక్కగా ఆపి, చుట్టూ నాలుగు కమానులున్నాయని చెప్పి, కనిపెట్టమనండి. ఉత్తరాన మచిలీ కమాన్, తూర్పున కాలీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్, పడమట షేర్-ఎ-బాతిల్ కమాన్. 1592లో లేచాయి. ఈ నాలుగింటి నడుమ ఉన్న చోటు ఒకప్పుడు రాజభవనం ముందరి విశాలమైన మైదానం. పడమటి కమాను భవనానికి దారి, తూర్పుది నగారాలు మోగే వైపు. సరిగ్గా మధ్యలో నీళ్ళ తొట్టి, అదే గుల్జార్ హౌజ్. ఇప్పుడు ఆ మైదానమంతా బంగారు దుకాణాలు, ఆటోలు. ఊహించుకోవడం కష్టమే. నేను చేసే పని ఒకటుంది. తొట్టి దగ్గర నిలబెట్టి, నాలుగు దిక్కులకీ ఒక్కొక్కరిని చెయ్యి చాపి కమాను వైపు చూపించమంటాను. నలుగురి చేతులూ చూస్తే మైదానం కొలత తెలిసిపోతుంది. చుట్టుపక్కల వాళ్ళు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

పొద్దున్నే వస్తే ఇక్కడ ఇంకో దృశ్యం ఉంటుంది. నగల దుకాణాల ముందు దుమ్ముని కొందరు చాలా శ్రద్ధగా ఊడ్చి మూట కడతారు. చెత్త కోసం కాదు. కంసాలి పని చేసే చోట రాలిన బంగారపు రజను ఆ దుమ్ములో ఉంటుంది, కడిగి తీసుకుంటారు.

టిఫిన్ ఇక్కడే. శాకాహారులకి చార్‌కమాన్ పక్కన గోవింద్ బండి మీద వెన్న దోశ, నిలబడి తినాలి. మాంసాహారులకి పాతబస్తీ హోటళ్ళలో పొద్దుటి పూట కిచిడీ, ఖీమా, పక్కన పుల్లటి ఖట్టా. నహారీ, కుల్చా కావాలన్నవాళ్ళు ఇంకా ముందే లేవాలి, తొందరగా అయిపోతుంది.

ముత్యాల దుకాణాల వాళ్ళు పిలుస్తారు. హైదరాబాద్‌కి సముద్రం లేదు, మరి ముత్యాలెక్కడివి అని ఎవరైనా అడిగితే: ఒకప్పుడు ఇరాక్‌లోని బస్రా నుంచి వచ్చేవి, ఇప్పుడు ఎక్కువభాగం చైనా మంచినీటి ముత్యాలు, ఇక్కడి పేరు ఎంచడంలో, బెజ్జం వేయడంలో, గుచ్చడంలో ఉంది. కొనేటట్టయితే రెండు ముత్యాల్ని ఒకదానితో ఒకటి రుద్దండి. సన్న ఇసుకలా గరగరలాడితే ముత్యం, జారిపోతే అనుమానించాలి.

నాలుగో మజిలీ: చార్మినార్

గుల్జార్ హౌజ్ నుంచి దక్షిణపు కమాను కింద నుంచి దాటండి. కమాను చట్రంలో చార్మినార్ ఒక్కసారిగా నిండుగా కనిపిస్తుంది. దీనికోసమే ఇంత దూరం నడిపించింది. ఇక్కడ మీరు నోరు మెదపకండి, రెండు నిమిషాలు వాళ్ళని చూడనివ్వండి.

చుట్టూ ఇప్పుడు బళ్ళు తిరగనివ్వరు కాబట్టి దగ్గరికెళ్ళి చుట్టూ తిరగొచ్చు. ఒక్కో భుజం 20 మీటర్లు, ఒక్కో కమాను వెడల్పు 11 మీటర్లు. గచ్చుపనిలో పూలు, తీగలు ఉంటాయి. ఒక కమాను మీద చిన్న పిల్లి తల కూడా ఉంది, ఎక్కడో చెప్పకుండా పిల్లల్ని వెతకమంటే మీకు పది నిమిషాలు తెరిపి. నాలుగు వైపులా ఉన్న గడియారాలు మాత్రం 1889 నాటివి, మినార్లకీ వాటికీ మూడొందల ఏళ్ళ తేడా.

పైకెళ్ళే మెట్లు 149. సన్నటి చుట్టు మెట్లు, చీకటిగా ఉంటాయి, పొద్దున మొదటి జట్టుగా ఎక్కితే ఎదురొచ్చేవాళ్ళు ఉండరు. సాధారణంగా మొదటి అంతస్తు దాకే వదులుతారు. అన్నిటికన్నా పైన, పడమటి వైపు, చిన్న మసీదు ఉంది, అందులో 45 మంది నమాజు చేసుకునే చోట్లు గీసి ఉన్నాయి. మొదటి అంతస్తు నుంచి నేరుగా ఉత్తరానికి చూపించండి. కమాను వెనక కమాను, మీరు నడిచొచ్చిన దారి తాడు పట్టినట్టు తిన్నగా ఉంటుంది.

ఇక కథల సంగతి. ఇక్కడ మీ జట్టు తప్పకుండా మూడు ప్రశ్నలు వేస్తుంది. మహమ్మద్ కులీ ప్రేయసిగా చెప్పుకునే భాగమతి నిజంగా ఉందా? చరిత్రకారులు ఇప్పటికీ ఒక మాట మీద లేరు. చార్మినార్ కట్టింది ప్లేగు తగ్గినందుకేనా? జనం చెప్పుకునేది అది. హిజ్రీ వెయ్యో సంవత్సరం గుర్తుగా అనేవాళ్ళూ ఉన్నారు, 1591 ఆ లెక్కకి సరిగ్గా సరిపోతుంది. గోల్కొండకి సొరంగం ఉందా? ఎవరూ చూపించలేదు. కథ చెప్పకుండా ఉండమనను, అవి లేకపోతే నడక చప్పగా ఉంటుంది. కానీ ప్రతి కథ చివరా "అంటారు" అని ఒక్క మాట తగిలించండి. పిల్లలు ఆ తేడా పట్టుకుంటారు, పెద్దలకంటే ముందు.

దిగాక చాయ్. మక్కా మసీదు పక్కన నిమ్రా కెఫే ముందు నిలబడి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. చక్కెర వద్దంటే కుదరదు, ముందే చెబుతున్నాను.

ఐదో మజిలీ: మక్కా మసీదు

చెప్పులు విప్పి, లోపలికి. మహమ్మద్ కులీ తర్వాత వచ్చిన మహమ్మద్ కుతుబ్‌షా 1617లో మొదలుపెట్టాడు. పూర్తయింది 1694లో, గోల్కొండని గెలిచిన ఔరంగజేబు చేతుల మీద. ఒక వంశం పునాది వేస్తే, ఆ వంశాన్ని కూలదోసినవాడు ముగించాడు. మక్కా నుంచి తెచ్చిన మట్టితో చేసిన ఇటుకలు నడిమి కమానులో పెట్టారు కాబట్టి ఆ పేరు.

ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే అప్పట్లో ఈ పని చూశాడు. మసీదు కోసం తీసిన ఒక్క బండని గని నుంచి పెళ్ళగించడానికి ఐదేళ్ళు, ఐదారొందల మంది పట్టారని, దాన్ని లాగడానికి 1400 ఎడ్లు కట్టారని రాశాడు. నమ్మాలో వద్దో మీ ఇష్టం, ఆ స్తంభాల పక్కన నిలబడ్డాక మాత్రం నమ్మబుద్ధవుతుంది.

ఆవరణలో ఒక వైపు ఆసఫ్‌జాహీల సమాధులు వరసగా ఉంటాయి, రెండో నిజాం నుంచి ఆరో నిజాం దాకా. మొదటాయన ఖుల్దాబాద్‌లో, చివరి నిజాం ఉస్మాన్ అలీఖాన్ కింగ్‌కోఠి దగ్గర జూదీ మసీదులో ఉన్నారు. ఎండాకాలమైతే ఈ రాళ్ళ మీద పదకొండు తర్వాత పాదం పెట్టలేరు. నమాజు వేళయితే పక్కకి తప్పుకోండి.

లాడ్‌బజార్: ఎంతసేపో మీరే నిర్ణయించాలి

చార్మినార్ నుంచి పడమటికి. ముందే టైమ్ చెప్పండి, నలభై ఐదు నిమిషాలు అంటే గంట అవుతుంది. లక్క గాజులకి పుట్టినిల్లు ఇది. హైదరాబాద్ లక్క గాజులకి 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. కొనేముందు చేసేచోటు చూపించండి, పక్క గల్లీల్లో అడిగితే పైకి పిలిచి మరీ చూపిస్తారు. లక్కని కుంపటి మీద కాచి, సాగదీసి, చుట్టి, వేడి మీదుండగానే ఒక్కో రాయీ చేత్తో అద్దుతారు. చల్లారితే రాయి అతకదు, అందుకని ఆ చేతులు ఆగవు. అది చూశాక మనవాళ్ళు బేరం కాస్త మర్యాదగా ఆడతారు.

బేరం తెలుగులోనే ఆడండి, చాలామందికి వచ్చు. "భాయ్", పెద్దావిడయితే "ఖాలా" అంటే చాలు. సైజు చేతికి వేసి చూడాలి. కాస్త బిగువైతే అదే కుంపటి మీద వేడిచేసి సరిచేసి ఇస్తారు. కొన్నాక కారు డాష్‌బోర్డు మీద ఎండలో వదిలేయకండి, లక్క మెత్తబడి రాళ్ళు ఊడతాయి. మా ఇంట్లో ఒక సెట్టు అలాగే పోయింది.

బజారు చివర మహబూబ్ చౌక్, జనం నోట ముర్గీ చౌక్. 1892లో అప్పటి హైదరాబాద్ ప్రధానమంత్రి సర్ ఆస్మాన్ జా కట్టించిన గడియారం స్తంభం ఉంది. ఈ చుట్టుపక్కల ఎక్కడో సుత్తి దెబ్బలు లయగా వినిపిస్తే ఆగి వినండి. మిఠాయిల మీదా కిళ్ళీల మీదా అద్దే వెండి రేకు, వరఖ్, కొడుతున్నారన్నమాట.

చివరి మజిలీ: చౌమహల్లా

చౌక్ నుంచి ఖిల్వత్ వైపు తిరిగితే పది నిమిషాలు. ఇప్పటికి పన్నెండవుతుంది, కాళ్ళు పీకుతుంటాయి, ఇక్కడ చెట్ల నీడ, కూర్చునే చోటు, శుభ్రమైన బాత్‌రూములు అన్నీ ఉన్నాయి. చివర్లో పెట్టడానికి సగం కారణం అదే.

1750 ప్రాంతంలో సలాబత్ జంగ్ మొదలుపెట్టించాడు, ఐదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో పూర్తయింది. దర్బారు హాల్లో 19 షాండ్లియర్లు ఉన్నాయి. నేల మీద కూర్చుని తల ఎత్తి చూడమనండి, నిలబడి చూస్తే మెడ పట్టేస్తుంది. వెనక పెరట్లో అఫ్జల్, మహతాబ్, తహ్నియత్, ఆఫ్తాబ్ అని నాలుగు మహళ్ళు. పేరులోని "చౌ" అవే. పిల్లలు మాత్రం నేరుగా పాత కార్ల దగ్గరికే పరిగెడతారు, పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ముందు వాళ్ళని వెతుక్కోండి.

బయటికొచ్చేముందు ద్వారం మీది ఖిల్వత్ గడియారం చూపించండి. రెండున్నర శతాబ్దాలుగా నడుస్తోందని చెబుతారు, ఒకే కుటుంబం వారానికోసారి కీ ఇస్తూ వస్తోంది. మీ ఫోన్‌లో టైమ్‌తో సరిపోల్చుకోండి. ఒంటిగంట కొట్టబోతుంటే లాభం, ద్వారం దాటగానే ఆటోలుంటాయి, బిర్యానీకి ఎటు తీసుకెళ్ళమన్నా తీసుకెళ్తారు.